పరుపు చుట్టలో ఐదోవాడు

ఏమయ్యా సొంతింటి ఆసామీ, నిన్నే. అటూ ఇటూ చూస్తావేం? కాలు మీద కాలేసుకుని, గోడకి వీపు ఆనించి, ఈ గోడ నాదే కదా అని లోలోపల మురిసిపోతూ పేపరు చదువుతున్నావు చూడు, నిన్ను చూస్తే నాకు జాలేస్తోంది. పాపం, నీ ఇంటికి ఓనరు రాడు.

ఓనరు రాని ఇల్లూ ఒక ఇల్లేనా? చెప్పాపెట్టకుండా వచ్చి తలుపు కొట్టేవాడు లేడు. కుళాయి ఎందుకు కారుతోందని నిలదీసేవాడు లేడు. గోడ మీద ఈ గీత ఎవరు గీశారని వేలు పెట్టి చూపించేవాడు లేడు. దిక్కూ మొక్కూ లేని బతుకయ్యా నీది!

నేను చెప్పేది రాసిపెట్టుకోండి. ఈ కాలంలో మనిషికి దొరికిన మహాభాగ్యాల్లో మొదటిది అద్దె ఇల్లు. రెండోది, ఆ ఇంటికి వేళాపాళా లేకుండా ఊడిపడే ఓనరు. ఈ రెండింటినీ లేనివాళ్ళ చేతుల్లోంచి లాగేసుకోవడానికి కొందరు పుణ్యాత్ములు ఒక సంస్థ పెట్టుకుని మరీ తిరుగుతున్నారు. ఇల్లు లేనివాళ్ళకి ఇళ్ళు కట్టిస్తారట. వాళ్ళ సంగతి తర్వాత చెబుతాను. ముందు అద్దింటి సుఖాలు వినండి.

మేకు సంగతే చూడండి. సొంతింట్లో ఒక్క మేకు కొట్టాలంటే ఎంత రభస! ఎక్కడ కొట్టాలి, ఎంత ఎత్తున కొట్టాలి, దానికి మీ అమ్మ ఫోటో తగిలించాలా, మా అమ్మ ఫోటో తగిలించాలా? ఆ మేకు దగ్గర మొదలై కోర్టు గుమ్మం దాకా వెళ్ళిన మొగుడూ పెళ్ళాల్ని నేనెరుగుదును. అద్దింట్లో ఆ బాధే లేదు. మేకు కొట్టకూడదు, అంతే. అమ్మలిద్దరూ ట్రంకు పెట్టెలో పక్కపక్కనే హాయిగా పడుకుని ఉంటారు.

ఇక పోట్లాటలు. మా ఓనరుకి చప్పుడు పడదు. అందుకని మా ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఆరేళ్ళుగా గుసగుసగానే తిట్టుకుంటున్నారు. గుసగుసగా తిడితే ఏ తిట్టూ సరిగ్గా వినపడదు. 'ఏమన్నావ్' అని అవతలివాళ్ళు మళ్ళీ అడగాలి. రెండోసారి చెప్పాలంటే తిట్టేవాళ్ళకే విసుగు పుడుతుంది. కాపురం నిలబడిపోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, వ్యాయామం ఒక ఎత్తు. మీరు పొద్దున్నే జిమ్ముకి పోయి, కదలని సైకిలు తొక్కి, మళ్ళీ ఇంటికొచ్చి కూర్చుంటారు. నాకా ఖర్మేంటి? అరవై దగ్గర పడుతున్నా, ఓనరు చెప్పుల చప్పుడు మూడో మెట్టు మీద వినిపిస్తే, ఆయన ఎనిమిదో మెట్టు ఎక్కేలోపు నేను బీరువా వెనక ఉంటాను. పొట్ట లోపలికి పీల్చి అరగంట ఊపిరి బిగపట్టగలను. ఏ యోగా మాస్టారు నేర్పుతాడయ్యా ఈ విద్య?

ఎందుకు దాక్కుంటానంటారా? చెబుతాను.

మాది మూడో అంతస్తులో ఒకే గది. అటు పది అడుగులు, ఇటు పన్నెండు. మాది అంటున్నాను గానీ అద్దెకు తీసుకున్నది మా మేనకోడలి మొగుడు. అతను లిఫ్టులు రిపేరు చేస్తాడు. ఊరందరినీ పైకెక్కించి, కిందికి దింపి, సాయంత్రం మా బిల్డింగుకి లిఫ్టు లేదు కాబట్టి నడిచి ఎక్కుతాడు. మా మేనకోడలు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. వాళ్ళకి ఇద్దరాడపిల్లలు. పెద్దది పదో తరగతి, చిన్నది మూడు. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అన్నారు పెద్దలు. నాకు ఆలి లేదు కాబట్టి ఆ సామెతలో సగమే నాకు అంటుకుంది.

ఒకప్పుడు రోడ్డు పక్కన గొడుగేసుకుని తాళంచెవులు చేసేవాణ్ణి. కళ్ళు మసకేశాక గొడుగు ముడిచి, నాలుగు వారాలు ఉండి పోదామని మేనకోడలింటికి వచ్చాను. ఆరేళ్ళయింది. నాలుగో వారం ఇంకా అయినట్టు లేదు.

చిక్కేమిటంటే, ఇల్లు అద్దెకిచ్చినప్పుడే ఓనరు నలుగురికి మించి ఉండకూడదని చెప్పాడు. నేను ఐదోవాణ్ణి. అంటే లెక్కప్రకారం నేను లేను. లేనివాడికి దాక్కోవడం కాక వేరే పనేముంటుంది?

ఓనరు కింది వాటాలోనే ఉంటాడు. రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఎప్పుడు వస్తాడో తెలీదు. వచ్చాడంటే ఊరికే పోడు, కుర్చీ వేసుకుని గంటలకొద్దీ కూర్చుంటాడు. ఆ కాసేపూ నేను గోడలో గోడనై ఉంటాను. ఎప్పుడైనా మెట్ల మీద ఎదురుపడితే, నా దగ్గర వేషాలకి కొదవా? ఒకసారి గ్యాసు వాణ్ణి. ఒకసారి మీటరు చూడ్డానికొచ్చినవాణ్ణి. ఇంకోసారి అడ్రసు తప్పి వచ్చిన పెళ్ళిళ్ళ బ్రోకర్ని. ఆయన ప్రతిసారీ 'అలాగా, మంచిది' అని తలూపి దారిచ్చేవాడు. ఇంత అమాయకుడు పిల్లలకి చదువెలా చెప్పాడా అనుకునేవాణ్ణి.

ఇలా స్వర్గంలో ఉన్నవాళ్ళం కదా, అక్కడికి దాపురించింది ఇళ్ళ సంస్థ.

వాళ్ళ పద్ధతి విచిత్రం. ఒకరు స్థలం ఇస్తారు, ఇంకొకరు సిమెంటు ఇస్తారు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు సెలవు రోజున ఒకే రంగు టీషర్టులేసుకుని వచ్చి, ఒక్కో ఇటుక మోసి నలభై ఫోటోలు దిగుతారు. వాళ్ళు కట్టిన వంకర గోడని మర్నాడు మేస్త్రీ నెమ్మదిగా పీకి మళ్ళీ కడతాడు. ఎవరి మనసూ నొప్పించకూడదు కదా. ఇల్లు కావలసినవాళ్ళు మాత్రం ఊరికే కూర్చోకూడదు. తమకంటే ముందున్నవాళ్ళ ఇళ్ళకి కూలి లేకుండా పనిచేయాలి. రేపు వీళ్ళ ఇంటికి వెనకున్నవాళ్ళు చేస్తారు.

మా మేనకోడలు దరఖాస్తు పెట్టింది. అందులో 'మీకు ఇల్లు ఎందుకు కావాలి' అని ఒక ప్రశ్న ఉంది. దాని కింద పది గీతలు. మొగుడూ పెళ్ళాం రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నారు.

"ఉండటానికి అని రాయవే" అన్నాను.

"నువ్వూరుకో మావయ్యా" అంది.

ఆరు నెలలు ప్రతి ఆదివారం ఇద్దరూ వెళ్ళి పరాయివాళ్ళ ఇళ్ళకి సిమెంటు కలిపారు. కాలర్లు కుట్టే దాని వేళ్ళు పగిలిపోయాయి. చివరికి వీళ్ళ పేరు లిస్టులోకి వచ్చింది. స్థలం చూపించారు. నేల మీద సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. చిన్నది ఆ గీతల మధ్య ఉన్న ఖాళీలోంచే లోపలికి వెళ్తోంది, అందులోంచే బయటికి వస్తోంది.

"గీత దాటి వచ్చెయ్యవే" అన్నాను.

"అది గోడ తాతా" అంది.

నాకు నవ్వు రావాలి. ఎందుకో రాలేదు. కంట్లో దుమ్ము పడినట్టుంది.

ఇక ఒక్క మెట్టే మిగిలింది. సంస్థ వాళ్ళు వచ్చి, ఇప్పుడున్న ఇంటిని చూసి, ఒక్క గదిలో ఐదుగురికి తక్కువ కాకుండా ఉంటున్నారని రాసుకోవాలి. ఐదుగురుంటేనే ఇల్లు. నలుగురైతే లిస్టులో తర్వాతి కుటుంబానికి పోతుంది. ఎప్పుడు వస్తారో చెప్పరు. ఈ నిబంధన సంగతి మా వాళ్ళు నాకు చెప్పారంటారు. చెప్పే ఉంటారు. నేను మాట్లాడుతూ ఉండి ఉంటాను.

ఒక శనివారం మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. ఓనరు చెప్పుల చప్పుడు కాదు, వేరే చెప్పులు. ఎవరైతేనేం? నా కాళ్ళకి ఆరేళ్ళ శిక్షణ. అప్పటికి వారం క్రితమే ఓ కొత్త చోటు కనిపెట్టాను. పగలంతా పరుపులు చుట్టి మూలన నిలబెడతాం. ఆ చుట్ట మధ్యలో నిలబడితే లోపల మనిషి ఉన్నట్టు బ్రహ్మకి కూడా తెలీదు. సమయం వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళని కూడా ఆశ్చర్యపరుద్దామని ఎవరికీ చెప్పలేదు.

చెవుల నిండా దూది. బయట మాటలు తెగి తెగి వినపడుతున్నాయి. ఎవరో ఆడమనిషి గొంతు. నాలుగైదు మాటల తర్వాత ఒక్క మాట మాత్రం సూటిగా వచ్చి గుచ్చుకుంది.

"ఐదోవాడెక్కడ?"

ఆరేళ్ళుగా ఈ ప్రశ్నకే కదా నేను భయపడుతున్నది! మాస్టారు తను పట్టుకోలేక ఎవరో డిటెక్టివు ఆవిణ్ణి పంపాడని తేల్చుకున్నాను.

"మావయ్యా, రా బయటికి, పర్లేదు" అని మా మేనకోడలి పిలుపు.

పాపం, బెదిరించి పిలిపిస్తున్నారు అనుకున్నాను. నేను బయటపడితే ఈ నలుగుర్నీ సామాన్లతో సహా రోడ్డు మీదికి నెడతారు. ఊపిరి బిగబట్టాను. బీరువా జరిపిన చప్పుడైంది. మంచం ఎత్తిన చప్పుడైంది. "ఇక్కడే ఉండాలండీ, ఎప్పుడూ ఇక్కడే ఉంటాడు" అంటోంది పెద్దపిల్ల. నేను తేలుకుట్టిన దొంగలా కిక్కురుమనలేదు.

కాసేపటికి తలుపు మూసిన చప్పుడు వినిపించింది. పరుపు విప్పుకుని, చేతులు చాపి, సర్కసులో మనిషిలా బయటికి వచ్చాను.

"ఎలా ఉంది? చిక్కానా?"

నలుగురూ నన్నే చూస్తున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఆవిడ ఎవరో తెలుసా?" అంది మా మేనకోడలు. గుసగుసగా కాదు, మామూలు గొంతుతోనే. "ఇళ్ళ సంస్థ మేడమ్. ఫారంలో ఐదుగురని రాశారు, నలుగురే ఉన్నారు, ఇంటి కోసం చుట్టాల్ని అరువు తెచ్చి లెక్క చూపించేవాళ్ళని రోజూ చూస్తున్నామమ్మా అని నా మొహం మీద అని వెళ్ళింది. ఆరు నెలలు ఇటుకలు మోశాను మావయ్యా. పరుపులో నిలబడి మొత్తం ఊడ్చిపెట్టావు."

నా నోట మాట రాలేదు. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం మళ్ళీ చదువుకోండి.

"పది రోజులు గడువిచ్చారు బాబాయ్ గారూ" అన్నాడు ఆమె మొగుడు. "మీరు నిజంగానే ఇక్కడ ఉంటున్నారని ఇంటి ఓనరు రాసివ్వాలట. రాసిస్తే మళ్ళీ వచ్చి చూస్తారట."

"ఓనరా? ఆయనకెలా చెబుతాంరా? ఆ ఇల్లు రావడం దేవుడెరుగు, ముందు ఈ ఇల్లు పోతుంది!"

"అసలు సంగతేంటంటే బాబాయ్ గారూ..." అని అతనేదో అనబోతుంటే మా మేనకోడలు అతని కాలు తొక్కింది.

"నేను మాస్టారితో మాట్లాడతాలే మావయ్యా" అంది.

"నీకేం తెలుసే ఆయన సంగతి! ఆరేళ్ళు మోసం చేశామని తెలిస్తే ఊరుకుంటాడా?"

అంతే. గభాలున గోడ వైపు తిరిగి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెద్దపిల్ల కూడా పుస్తకంలో తల దూర్చేసింది. ఇంటిల్లిపాదినీ ఏడిపించానే అని నా గుండె చెరువైపోయింది.

మర్నాడు ఆదివారం. వాళ్ళు సిమెంటు పనికి వెళ్ళగానే నా రెండు జతల బట్టలూ సంచిలో కుక్కుకుని మెట్లు దిగాను. నిజం చెప్పాలంటే, ఇంతసేపూ మీకు చెప్పిన అద్దింటి సుఖాలన్నీ ఆ మెట్ల మీద ఒక్కటీ గుర్తుకు రాలేదు. వీధిలో ఎవరైనా 'ఎక్కడుంటున్నావు' అంటే ఆరేళ్ళుగా 'ఇక్కడే, ఈ చుట్టుపక్కలే' అని చెబుతున్నాను. అరవై ఏళ్ళ మనిషి నోటి నుంచి రావాల్సిన జవాబేనా అది?

మాస్టారు వరండాలో కూర్చుని పేపర్లో పదాల గళ్ళు నింపుతున్నాడు.

"అయ్యా, తప్పు చేశాను. పై గదిలో ఐదోవాణ్ణి నేనే. వాళ్ళకేం సంబంధం లేదు, నేనే బలవంతంగా ఉన్నాను. ఇదిగో సంచి, ఇప్పుడే పోతాను. వాళ్ళని మాత్రం పంపించెయ్యకండి. పోయే ముందు, ఇక్కడ ఐదుగురు ఉన్నారని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు."

ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. కుర్చీ చూపించాడు.

"కూర్చో. మీటరు ఉద్యోగం ఎలా ఉంది?"

నేను సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"నోట్లో బ్రష్షు పెట్టుకుని మీటరు చూసేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను" అన్నాడు. "ఆ పెళ్ళిళ్ళ బ్రోకరు వేషం మాత్రం బావుంది. మా ఆవిడ నిజమే అనుకుని మా మేనల్లుడికి సంబంధాలు అడగమంది."

"మీకు... ఎప్పట్నించి తెలుసు?"

"మొదటి నెల నుంచీ. నీ గురకకి మా వాటాలో గిన్నెలు కదిలేవి."

లోపలికి వెళ్ళి కాగితాలు తెచ్చాడు. పదకొండు నెలలకోసారి రాసుకునే అద్దె అగ్రిమెంట్లు. నాకు అక్షరాలు ఎప్పుడూ కాస్త దూరపు చుట్టాలే. ఆయనే చదివాడు. 'ఇంట్లో ఉండువారు: భర్త, భార్య, కుమార్తెలు ఇద్దరు, భార్య మేనమామ ఒకరు. ఓనరు అనుమతితో.'

"కింద సాక్షి సంతకం ఎవరిదో చూడు" అన్నాడు.

చూశాను. కాకి కాళ్ళలాంటి ఆ అక్షరాలు ఎక్కడైనా గుర్తుపడతాను. నావే. సాక్షి కావాలి బాబాయ్ గారూ అని మా మేనకోడలి మొగుడు తెచ్చినప్పుడల్లా, పెద్దమనిషి హోదాలో, గొంతు సవరించుకుని మరీ పెట్టాను. నేను ఇక్కడ ఉంటున్నానని నేనే సాక్ష్యం చెప్పి, ఆ కాగితం మడత పెట్టి ఇచ్చి, వెళ్ళి బీరువా వెనక దాక్కునేవాణ్ణి.

"మరి ఆరేళ్ళుగా పైకొచ్చి గంటలు గంటలు ఎందుకు కూర్చునేవారండీ?"

"అది పైన అడుగు" అని ఆయన చెవి వెనక నుంచి పెన్సిలు తీసుకున్నాడు.

అడిగాను. రోజుకు పదిసార్లు అడిగాను. మా మేనకోడలు "ముందు ఆ మేడమ్ వచ్చి వెళ్ళనీ మావయ్యా" అంటూ తప్పించుకుంది.

తొమ్మిదో రోజున మేడమ్ వచ్చింది. మాస్టారి ఉత్తరం అప్పటికే ఆమె ఫైల్లో ఉంది. నేను గదికి నట్టనడుమ, దీపస్తంభంలా నిలబడ్డాను. ఆరేళ్ళలో ఆ చోట నిలబడి ఒకరికి ఎదురుపడటం అదే మొదటిసారి. ఆమె అడగకముందే పరుపు సంగతి చెప్పాను. నిలబడి చూపించాను. బీరువా వెనక ఎలా ఉంటానో చూపించాను. గ్యాసు వాడి వేషం, బ్రోకరు వేషం వేసి చూపించాను. తాళంచెవుల్లో ఎన్ని రకాలో, నా కాలంలో తాళాలు ఎలా ఉండేవో కూడా చెప్పాను. ఆమె రెండుసార్లు పెన్ను ఎత్తి, రెండుసార్లు దింపింది. ఐదోవాడు ఉన్నాడన్న అనుమానం ఆమెకి ఎక్కడా మిగిలినట్టు లేదు.

గంట గడిచాక, నేను ఊపిరి తీసుకునే సందులో, అడిగింది.

"అంతా బావుంది. మీరున్నట్టు ఓనరు గారికి తెలుసు, ఇంట్లోవాళ్ళకి తెలుసు. మరి ఎవరి నుంచి దాక్కున్నారు?"

"అదే తల్లీ, తొమ్మిది రోజులుగా నేనూ అడుగుతున్నది!"

అందరం మా మేనకోడలి వైపు తిరిగాం. ఆమె కాసేపు చీర చెంగు మడతలు పెట్టుకుంది.

"మాస్టారు గారు తనంతట తను రారండీ. నేనే ఫోన్ చేసి పిలుస్తాను. పెద్దదానికి పరీక్షలున్నప్పుడు, చిన్నదానికి జ్వరం వచ్చి పడుకున్నప్పుడు, నాకు తలనొప్పి వచ్చినప్పుడు. ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చూసుకుంటారు. అంతసేపూ మా మావయ్య నోరు తెరవడు. దీనికి లెక్కల్లో తొంభై రెండు మార్కులు అలా వచ్చినవే."

పెద్దపిల్ల నా వైపు చూడకుండా తలూపింది.

నేను మా మేనకోడలి వైపు ఒకడుగు వేశాను. "నాకు చెప్పొచ్చు కదే? చెబితే చిన్నబుచ్చుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోతానని భయపడ్డావా?"

"లేదు మావయ్యా" అంది. "చెబితే ఇంక దాక్కోవని."

మేడమ్ ఒక్కసారి నన్నూ, పది బై పన్నెండు గదినీ, ఆ నలుగుర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఫైలు తెరిచి, తల ఎత్తకుండా చకచకా ఏదో రాసింది. సంతకం పెట్టింది. లేచి, మా మేనకోడలి పగిలిన చేతులు రెండూ పట్టుకుని ఒకసారి నొక్కి, వెళ్ళిపోయింది. ఇక మా ఇంటి పని వచ్చే వారమే మొదలట.

ఆమె ఇచ్చిన కాపీ తీసుకుని అటూ ఇటూ తిప్పాను. నా గురించి ఒక కాగితం మీద అంత రాయడం ఎప్పుడూ చూడలేదు. ఛాతీ పొంగింది. పెద్దపిల్లకిచ్చి చదవమన్నాను. అది గొంతు సవరించుకుంది.

"'కుటుంబ సభ్యులు ఐదుగురు, స్వయంగా చూశాను. ఇల్లు మంజూరు చేయవచ్చు. ప్లానులో ఒక మార్పు: ఐదో వ్యక్తికి వేరే గది, తలుపుతో సహా. మిగతా నలుగురి కోసం.'"